మనం పీకేసే గరిక, వాళ్లు పెంచే గరిక



మన మార్టూరు చుట్టుపక్కల పిల్లలు చాలామంది ఇప్పుడు హైదరాబాదులో గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపే ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు అద్దాల మేడల మధ్యలో, పెద్ద పెద్ద బండల నడుమ పచ్చటి మైదానం ఒకటి చూసే ఉంటారు. పంట ఉండదు, పశువు ఉండదు. అదే బౌల్డర్ హిల్స్ గోల్ఫ్ క్లబ్బు. డబ్బున్నోళ్ల ఆట మనకెందుకు అనుకోకండి. అందులో ఉన్నదంతా నేల, నీళ్లు, గడ్డి. మూడూ మన సంగతులే.

గోల్ఫు మన దేశానికి ఇంగ్లీషువాళ్లతో వచ్చింది. కలకత్తాలో 1829లోనే క్లబ్బు పెట్టారు, బెంగుళూరులో 1876లో. బౌల్డర్ హిల్స్ వాటి ముందు నిన్నగాక మొన్నటిది. పీటర్ హారడైన్ అనే ఆయన దీన్ని గీశాడు. మొత్తం 18 గుంటలు. ఒక్కో గుంట నాలుగుంపావు అంగుళాల వెడల్పు. దూరంగా ఒక చోట నిలబడి బంతిని కొట్టుకుంటూ పోయి, తక్కువ దెబ్బల్లో గుంటలో వేసినవాడు మొనగాడు. కొట్టడం నేర్చుకోను వేరే మైదానం, కూర్చుని తిని తాగను క్లబ్బు హౌసు. డబ్బు కట్టి మెంబరైతేనే మర్యాద. బండలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే వదిలేసి మధ్యలో గడ్డి పరిచారు. బల్లికురవ కొండల్ని పలకలుగా కోసి మార్టూరులో పాలిష్ పెట్టే మనకి అదో వింత.

అసలు వింత గడ్డిది. మనలాంటి వేడి దేశాల్లో గోల్ఫు మైదానాలకి ఎక్కువగా వేసేది గరిక జాతే. వినాయక చవితి రోజు తప్ప గట్టు మీద కూడా మనం బతకనివ్వని గరిక! అమెరికాలో జార్జియా రాష్ట్రం టిఫ్టన్ అనే ఊళ్లో గ్లెన్ బర్టన్ అనే శాస్త్రవేత్త 1936 నుంచి గడ్డి మీద పని చేశాడు. మొదట చూసింది పశువుల మేత కోసమే. తర్వాత మామూలు గరికని ఆఫ్రికా గరికతో కలిపి సన్నాకు రకాలు తెచ్చాడు. 1956లో టిఫ్‌గ్రీన్, 1960లో టిఫ్‌వే, 1965లో టిఫ్‌డ్వార్ఫ్. వీటికి విత్తనం కట్టదు, కణుపు ముక్కలు నాటాల్సిందే. గుంట చుట్టూ ఉండే గడ్డిని మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తున రోజూ కోస్తారు. మన కలుపు కూలీలు వింటే నవ్వుతారు.

ఇదే బర్టన్ సజ్జ మీద కూడా పని చేశాడు. ఆయన తయారుచేసిన టిఫ్ట్ 23ఏ అనే పుప్పొడి లేని ఆడ లైను మన దేశానికొచ్చింది. లూధియానాలో దాన్ని వాడి 1965లో హెచ్‌బీ-1 హైబ్రిడ్ సజ్జ విడుదల చేశారు. కొన్నేళ్లలోనే దేశంలో సజ్జ దిగుబడి రెట్టింపు దాటింది. తర్వాత వెర్రికంకి తెగులు వచ్చి ఆ హెచ్‌బీ రకాల్ని తినేసింది, అది వేరే కథ. పేదవాడి సజ్జ సంకటీ, గొప్పోళ్ల గోల్ఫు గడ్డీ ఒకే చేతి పనంటే నాకైతే భలే అనిపించింది.

నీళ్ల లెక్క కూడా వేసుకోండి. ఎండాకాలం గడ్డికి రోజుకు 5 మిల్లీమీటర్లు కావాలనుకుంటే ఎకరానికి దాదాపు 20 వేల లీటర్లు. మిరప తోటకి ట్యాంకర్లు తోలినోళ్లకి ఆ మాట బరువు తెలుస్తుంది.

ఇక నేల. మణికొండ భూములు ఒకప్పుడు జాగీరు. హుస్సేన్ సాగర్ కట్టించిన హుస్సేన్ షా వలీ దర్గా అక్కడే ఉంది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. ఆ భూములు సర్కారువా, వక్ఫువా అనే తగాదా ఏళ్ల తరబడి నడిచి, 1,654 ఎకరాలు సర్కారువేనని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఎమ్మార్‌కు ఇచ్చిన నేల కూడా ఆ తగాదాలోదే. అంటే కట్టడాలు ముందు లేచాయి, హక్కు తర్వాత తేలింది. మన దగ్గర అరెకరం సర్వే నంబరు తేడా ఉంటే బ్యాంకువాడు లోనివ్వడు.

2002లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దుబాయి కంపెనీ ఎమ్మార్‌తో ఒప్పందానికొచ్చింది. మొత్తం 535 ఎకరాలు. అందులో గోల్ఫుకి 235 ఎకరాలు, 66 ఏళ్ల లీజు. విల్లాలకి 258 ఎకరాలు, ఎకరం 29 లక్షలకి అమ్మకం. మిగిలింది హోటలుకి, సమావేశ మందిరానికి. ఆ మందిరం 2006లో ప్రవాసీ భారతీయ దివస్‌కి వాడకంలోకొచ్చింది. గోల్ఫులో, విల్లాల్లో ఏపీఐఐసీకి 26 శాతం వాటా. 235 ఎకరాలంటే రెండేసి ఎకరాల రైతులు 117 మంది భూమి.

తర్వాత విల్లా ప్లాట్లు తక్కువ ధర చూపి అమ్మారని, ప్రభుత్వ వాటా పలచబడిందని ఆరోపణలొచ్చాయి. హైకోర్టు ఆదేశంతో 2011లో సీబీఐ కేసు పెట్టింది. ఎవరు తప్పన్నది కోర్టు తేల్చాలి, మన పని కాదు. నేను చూసేదల్లా లీజుకీ అమ్మకానికీ తేడా. గోల్ఫు గడ్డి కింద నేల ఈనాటికీ సర్కారుదే, గడువు కాగితం మీదుంది. అమ్మిన చోట ఆ మాటే లేదు.

అది సర్కారు నేల. రేపు పట్టా పొలాల వైపు ఇలాంటిదొస్తే? 2013 భూసేకరణ చట్టంలో ప్రజా ప్రయోజనం కింద క్రీడలు, పర్యాటకం కూడా రాశారు. ప్రైవేటు హోటళ్లని పేరుపెట్టి తీసేశారు. గోల్ఫు మాట ఎక్కడా లేదు. ప్రైవేటు కంపెనీ కోసమైతే నూటికి 80 మంది, ప్రభుత్వంతో కలిసి పెట్టేదైతే 70 మంది భూమి పోయేవాళ్లు ఒప్పుకోవాలి. పూలింగు దారి వేరు, అమరావతిలో చూశాం కదా, అక్కడ ఎవరి పొలానికి వాళ్లే సంతకం పెట్టాలి.