బిరుదు, భూమి, వారసత్వం: నూజివీడు, దేవరకోట సంస్థానాలు

కృష్ణామండల కావ్యాల కృతిపతులను నిర్ధారించబూనిన పరిశోధకునికి ‘నూజివీటి అప్పారావు’ అన్న ప్రస్తావన ఒక్కటే చాలదు. మేకా వంశంలో నరసింహ, వేంకటాద్రి, శోభనాద్రి, రంగయ్య అన్న పేర్లు పదే పదే వస్తాయి. అన్నింటికీ చివర అప్పారావే. ఆంగ్ల ప్రభువంశాలలో ఈ చిక్కు తక్కువ. అక్కడ బిరుదు ఒక కాలంలో ఒక్కరిదే. మొదటి ఎర్ల్, రెండవ ఎర్ల్ అని వరుస సంఖ్య ఉంటుంది. తమ్ములు చట్టం దృష్టిలో సామాన్యులే. మన సంస్థానాలలో బిరుదుకూ భూమికీ గల సంబంధం ఇంత స్థిరమైనది కాదు. ఆ సంబంధాన్ని తేల్చినవి చాలావరకు వ్యాజ్యాలు.

1802లో మద్రాసు ప్రభుత్వం శాశ్వత పరిష్కారం అమలుపరచి జమీందారులకు సన్నదులిచ్చింది. అప్పటి గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్, ప్లాసీ విజేత రాబర్ట్ క్లైవ్ కుమారుడు, రెండవ బారన్. 1804లో ఆయన పోవిస్ ఎర్ల్ అయ్యాడు. ఆయన పెద్దకొడుకు మేనమామ ఆస్తి కోసం 1807లో క్లైవ్ అన్న ఇంటిపేరు విడిచి హెర్బర్ట్ అయ్యాడు; రెండవ కొడుకు క్లైవ్‌గానే మిగిలాడు. ఎస్టేటు చెదరకుండా ఉండటానికి ఇంటిపేరునైనా మార్చుకొనే వర్గం అది. విచిత్రమేమంటే, ఆయన హయాంలోనే నూజివీడు రెండు ముక్కలైంది.

కంపెనీ స్వాధీనపరచుకొన్న ఆ సంస్థానంలో నిడదవోలు భాగం అన్నకు, నూజివీడు భాగం తమ్మునికి దక్కాయి. తరువాతి తరాల సోదరులు వాటాలకై న్యాయస్థానానికెక్కారు. పూర్వం ఇది అవిభాజ్యమైన రాజ్యమే కావచ్చు. అయితే 1802 సన్నదుతో ఏర్పడినది పాత రాజ్యానికి కొనసాగింపు కాదనీ, సాధారణ జమీందారీ మాత్రమేననీ, కనుక పంచుకోదగినదేననీ ప్రీవీ కౌన్సిల్ 1879లో తీర్పు చెప్పింది. ఉయ్యూరు, తేలప్రోలు, మీర్జాపురం మొదలైన శాఖలకు మూలం ఈ విభజనే. భూమి చీలింది, బిరుదు మాత్రం తరగలేదు; ప్రతి శాఖవారూ ‘రాజా’లే. నిజానికి న్యాయస్థానం కాదన్న రాజరికాన్ని జనవ్యవహారం వాటాదారులందరికీ పంచిపెట్టింది.

దివిసీమ దాపున చల్లపల్లి రాజధానిగా గల దేవరకోట సంస్థానం కథ వేరు. యార్లగడ్డ మల్లికార్జున ప్రసాద్, దుర్గాప్రసాద్ సోదరుల వివాదంలో ఆ జమీందారీ అవిభాజ్యమని 1890లో ప్రీవీ కౌన్సిల్ నిర్ణయించింది. ఆ సంస్థానం ఒకే వారసునికి సంక్రమించింది. గుడివాడ, ముదినేపల్లి ప్రాంతాలవారి నోట రెండు వంశాలవారూ సమానంగా ‘రాజావారు’ కావచ్చు. చట్టం దృష్టిలో ఆ మాటకు అర్థం ఒకటి కాదు.

కనుక అంకిత పద్యాలలోని వంశావళిని తీర్పుల ప్రతులతో పోల్చి చదవాలి. వాటాల కోసం వేసిన దావాలలో తండ్రులు, దత్తులు, మరణాలు క్రమంగా నమోదవుతాయి. కృతిపతి వంశవర్ణనలో కవి తమ్ములను వదిలివేయవచ్చు, వాది వదలడు. 1879 తరువాతి కృతులలో శాఖ పేరు లేకుండా ‘నూజివీటి ప్రభువు’ అని రాసే పీఠికలను ఆధారంగా తీసుకోవడం ప్రమాదకరమని నా అభిప్రాయం.

1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. మరుసటి ఏడు విడుదలైన ‘కీలుగుఱ్ఱం’ చిత్ర దర్శకునిగా ప్రేక్షకులు ఎరిగిన పేరు మీర్జాపురం రాజా.