సిలిండర్ గోడ మీద గీతలు: పట్టిసీమ ఆయిలింజను కథ

పట్టిసీమ అని ఫోన్‌లో కొడితే ఏం వస్తాయి? నది మధ్యలో వీరభద్రస్వామి గుడి, పాపికొండల బోట్లు, 2015లో కట్టిన 24 పంపుల లిఫ్టు. ఈరోజు ఎపిసోడ్ వాటి మీద కాదు. ఒక ఇనప గొట్టం లోపలి గోడ మీద. బోర్ కొడుతుందేమో అనుకోకండి. ఇంజన్లో దాన్ని అనేదే బోర్ అని!

ముందు మ్యాప్ తెరవండి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాటన్ దొర కాలవలన్నీ అక్కణ్ణుంచి కిందికి, సముద్రం వైపుకి పోతాయి. పట్టిసీమ ఉన్నదేమో ఆనకట్టకి ఎగువన. గోదారి కళ్ల ముందే పారుతుంది కానీ గట్టు మీది మెట్ట పొలానికి ఆ కాలవ నీళ్లు అందవు. తోడి పైకి పొయ్యాలి. ఏతం, గూడ, మోట ఇందుకే పుట్టాయి. మనుషులూ ఎడ్లూ చేసిన ఆ పనిని తర్వాత ఆయిలింజను అందుకుంది.

ఇంజను వెనక చరిత్ర ఇంకా పాతది. జేమ్స్ వాట్ ఆవిరి యంత్రం ఐడియా బానే ఉన్నా చాలాకాలం సరిగ్గా నడవలేదు. కారణం? అప్పట్లో సిలిండర్‌ని గుండ్రంగా తొలిచే మెషీన్ లేదు. సందుల్లోంచి ఆవిరి పోయేది, అక్కడ గుడ్డలు, నార కూరేవారు. 1775లో జాన్ విల్కిన్‌సన్ అనే ఆయన, ఫిరంగులు తొలిచిన అనుభవంతో, సిలిండర్ తొలిచే మెషీన్ చేశాక వాట్ పని నడిచింది.

గొట్టం గుండ్రంగా వచ్చింది సరే, పిస్టన్ చుట్టూ మాత్రం ఇంకా నారే. ఇక్కడ నాకు భలే నచ్చిన విషయం ఒకటుంది. మన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన అదే 1852లో, ఇంగ్లండులో జాన్ రామ్స్‌బాటమ్ అనే రైల్వే ఇంజనీరు స్ప్రింగులా సాగే లోహపు పిస్టన్ రింగుకి పేటెంట్ తీసుకున్నాడు. చీలిక ఉన్న కడియం అనుకోండి. దానంతట అదే విచ్చుకుని గోడకి ఒత్తుకుంటుంది. ఇవాళ మీ బైకులో ఉన్నదీ ఆ ఐడియానే.

ఇప్పుడు అసలు తిరకాసు. రింగు బాగా పట్టాలంటే గోడ అద్దంలా నున్నగా ఉండాలి కదా? కాదు. గోడ మీద సన్నటి గీతలు ఉండాలి, అటొకటి ఇటొకటి, వలలా ఒకదాన్నొకటి కోసుకుంటూ. ఆ గీతల్లో నూనె నిలుస్తుంది. కొత్త రింగు ఆ గరుకు మీద కొంచెం కొంచెం అరిగి, ఆ గోడకి తగ్గట్టు కుదురుకుంటుంది.

ఏళ్ల తరబడి నడిచేసరికి ఆ గీతలు అరుగుతాయి, మాడిన నూనె గట్టిపడి వార్నిష్‌లా వాటిని పూడ్చేస్తుంది. దీన్నే గ్లేజ్ అంటారు. ఇంజన్ని లోడు లేకుండా గంటలు గంటలు ఊరికే తిప్పితే ఇంకా తొందరగా పడుతుంది. ఆ గోడ మీద కొత్త రింగులు వేస్తే జారుతాయే తప్ప కుదురుకోవు. నీలం పొగ, నూనె తాగడం, హ్యాండిల్ ఎంత తిప్పినా స్టార్ట్ అవ్వకపోవడం. డబ్బు పెట్టి కొన్న రింగులు దండగ.

మన పల్లెలకొచ్చిన ఇంజన్ల సంగతి చూద్దాం. ఇంగ్లండులో లిస్టర్ కంపెనీ 1930 ప్రాంతంలో తెచ్చిన 5 హార్స్‌పవర్ ఇంజను నిమిషానికి 600 చుట్లే తిరిగేది. నిదానం, మొండి బండ. దానికి నకళ్లు రాజ్‌కోట్‌లో లెక్కలేనన్ని తయారయ్యాయి. 1946లో పూణేలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజిన్స్ మొదలైంది. మా షెడ్డులో ఉన్న తాతయ్య ఇంజను 5 హార్స్‌పవర్‌ది, బోరు 80 మిల్లీమీటర్లు. చేను ఎండే టైములో ఇలాంటి ఇంజనుకి కంప్రెషన్ పోతే రైతు ముందు మూడు దార్లు: కొత్త లైనరు, టౌనుకి పంపి బోరింగు, లేదా ఇంటి దగ్గరే గ్లేజ్ తీసి కొత్త రింగులు. మొదటి రెండిటికీ డబ్బు, రోజులు కావాలి. మూడోది ఒక పూట పని. నీళ్లకోసం చూసే పైరుకి ఆ తేడా చిన్నది కాదు.

అయితే మూడో దారి అన్నిసార్లూ పనికిరాదు. ముందు కొలవాలి. బోరు పైభాగంలో వేలికి మెట్టు గట్టిగా తగిలినా, కోలగా అరిగినా, నిలువు గాట్లు పడినా గ్లేజ్ తీసి లాభం లేదు. కొత్త రింగుని బోరులో పెట్టి, దాని నోటి సందుని ఫీలర్ గేజ్‌తో చూడాలి. కంపెనీ చెప్పిన కొలత దాటితే బోరింగే.

కొలత బావుంటే పని ఇలా. క్రాంకు మీద గుడ్డ కప్పాలి, గరుకు పొడి అక్కడ పడితే బేరింగులు పోతాయి. డ్రిల్లుకి హోన్ తగిలించి, నూనె పోసి, తక్కువ స్పీడులో పైకీ కిందకీ ఆడించాలి. ఒకేచోట ఆపకూడదు. గీతలు సుమారు 45 డిగ్రీల్లో అడ్డంగా కోసుకుంటూ కనపడితే చాలు, అరనిమిషం లోపే అయిపోతుంది. మనం లోహం తీయట్లేదు, మెరుపు తీస్తున్నాం. హోన్ లేకపోతే నూనెలో తడిపిన ఎమిరీ కాగితంతో చేత్తో అదే ఏటవాలుగా రుద్దుతారు.

తర్వాతది అందరూ తేలిగ్గా తీసుకునే స్టెప్పు. కడగడం. కిరసనాయిలుతో తుడిచి వదిలేస్తే పొడి గీతల్లోనే ఉండిపోయి, కొత్త రింగుల్ని ఆకురాయిలా అరగదీస్తుంది. లైనరు బయటికి తీసి వేడి నీళ్లు, సబ్బు, బ్రష్షుతో కడగాలి. తెల్లగుడ్డ తుడిస్తే తెల్లగానే రావాలి. వెంటనే నూనె రాయాలి, లేకపోతే తుప్పు. బిగించాక లోడు మీద నడపాలి, ఊరికే తిప్పితే మళ్లీ గ్లేజే. ఒక హెచ్చరిక: కొన్ని కొత్త బైకుల సిలిండర్లకి గట్టి పూత ఉంటుంది, వాటిని ఇలా గీకకండి.

2004 మేలో ఉచిత కరెంటు వచ్చాక వ్యవసాయానికి మోటార్లే ఎక్కువయ్యాయి. ఇప్పుడు పట్టిసీమ లిఫ్టు ఒక్కటే 8,500 క్యూసెక్కులు తోడగలదు, అదీ కరెంటుతోనే. మంచిదే. కానీ చెవితో విని, వేలితో తడిమి ఇంజను జబ్బు చెప్పిన తరం మన ఇళ్లలోనే ఉంది. ఆ పని పుస్తకాల్లో సగమే దొరుకుతుంది. మీ ఊళ్లో అలాంటి పెద్దాయన ఉంటే, ఈ వారమే ఫోను పట్టుకెళ్లి, ఆయన చేతులు కనపడేలా వీడియో తీయండి. నేను మా షెడ్డులో ఇంజను విప్పేది వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటానండి.