వంటింట్లో పుట్టిన హెడ్‌ఫోను, రెండున్నర వేల బడ్జెట్టు

మా అమ్మాయి కాలేజీకి బస్సులో వెళ్ళడానికి గంటన్నర, రావడానికి గంటన్నర పడుతుంది. ఈ నెల సామాన్ల చీటీలో పప్పులు, నూనెల కింద తన రాతతో ఇంకో రెండు వస్తువులు చేరాయి. ఒకటి చెవి లోపలికి దూరే ఇయర్‌ఫోన్లు. రెండోది వాటికోసం జేబులో పట్టే యాంప్లిఫయరు. రెండింటికీ కలిపి నేను ఇవ్వగలిగింది రెండున్నర వేలు.

ఇయర్‌ఫోన్లు సరే, పాట వినడానికి జేబులో ఇంకో పెట్టె ఎందుకన్నది నా సందేహం. కందిపప్పు కొనేటప్పుడే ఏ ఊరి పంటో అడిగే మనిషిని, చెవిలో పెట్టుకునే వస్తువు పుట్టుపూర్వోత్తరాలు అడగకుండా ఉంటానా? పది రోజులు మధ్యాహ్నాలు కూర్చుని చదివాను. చదువుతుంటే అడుగడుగునా ఆడవాళ్ళే ఎదురయ్యారు. అందుకే మీతో చెప్పాలనిపించింది.

రోజంతా చెవికి ఫోను తగిలించుకుని పనిచేసిన తొలితరం వాళ్ళలో టెలిఫోన్ ఆపరేటర్లు ముఖ్యులు. మొదట్లో అమెరికా ఎక్స్ఛేంజీల్లో కుర్రాళ్ళని పెట్టారట. వాళ్ళు ఫోను చేసినవాళ్ళతో దురుసుగా మాట్లాడుతున్నారని 1878 సెప్టెంబరు 1న బోస్టన్‌లో ఎమ్మా నట్ అనే ఆవిడని ఉద్యోగంలోకి తీసుకున్నారు. ప్రపంచంలో మొదటి మహిళా టెలిఫోన్ ఆపరేటరు ఆవిడే. ఆ తర్వాత ఆ కొలువు దాదాపుగా ఆడవాళ్ళదే అయిపోయింది. స్విచ్‌బోర్డులో ఒక లైనుని ఇంకో లైనుకి కలపడానికి వాళ్ళు గుచ్చుతూ ఉండే పావంగుళం పిన్నుంది చూడండి, మన ఫోన్లలో మొన్నమొన్నటిదాకా ఉన్న 3.5 ఎంఎం పిన్ను దాని వారసురాలే. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం కోసం ఇంగ్లీషు, ఫ్రెంచి రెండూ వచ్చిన రెండు వందల మందికి పైగా ఆడపిల్లలు ఫ్రాన్స్ వెళ్ళి స్విచ్‌బోర్డుల దగ్గర పనిచేశారు. తిరిగొచ్చాక మీరు సైనికులు కారు పొమ్మన్నారు. 1977లో చట్టం చేసి సైనికులుగా గుర్తించేసరికి వాళ్ళలో చాలామంది బతికే లేరు.

ఇక అసలు హెడ్‌ఫోను. 1910 ప్రాంతంలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో నథానియెల్ బాల్డ్విన్ అనే ఆయన తన ఇంటి వంటగదిలో కూర్చుని చేతితో తయారుచేసి నౌకాదళానికి పంపాడు. పరీక్షించి చూస్తే అప్పటిదాకా వాళ్ళు వాడుతున్నవాటికంటే బాగా వినిపించాయి. ఇంకా కావాలని అడిగితే, ఒక్కసారి పది కంటే ఎక్కువ చేయలేనన్నాడట. వంటింట్లో చేసే పని మరి! ఆ వంటింట్లో ఆయన భార్య పొయ్యి ఎక్కడ పెట్టుకుందో మాత్రం ఎవరూ రాయలేదు.

మన ఇళ్ళలో ఆ రోజుల తర్వాత కూడా చాలాకాలం వినడమంటే అందరూ కలిసి వినడమే. పొద్దున విజయవాడ కేంద్రం భక్తిరంజని మొదలైతే పెరట్లో ఉన్నవాళ్ళకీ, వీధి అరుగుమీద ఉన్నవాళ్ళకీ, పక్కింటివాళ్ళకీ అదే పాట. ఎవరికి వాళ్ళు వినడమన్నది అందరికీ అందుబాటులోకి రావడానికి పెద్ద మలుపు 1979 జులై 1. ఆ రోజు జపాన్‌లో సోనీ వాక్‌మన్ అమ్మకానికొచ్చింది. ధర 33,000 యెన్‌లు.

దాని వెనక ఒక ఇంటి కథ ఉంది. సోనీ అధినేత అకియో మోరిటా మొదటి వాక్‌మన్‌ని ఇంటికి తెచ్చి చెవులకి తగిలించుకుని పాటలు వింటుంటే, ఆయన భార్య యోషికోకి కోపం వచ్చిందట. పక్కనే మనిషిని పెట్టుకుని తలుపేసుకున్నట్టు ఉంది మరి. ఈ సంగతి మోరిటాయే తన ఆత్మకథలో రాసుకున్నాడు. దాంతో ఇద్దరు వినేలా రెండు హెడ్‌ఫోన్లు పెట్టుకునే వీలు కల్పించారు. ఇంకో నారింజరంగు బొత్తాం కూడా ఉండేది. అది నొక్కితే పాట తగ్గి, ఎదుటి మనిషి మాట మైకులోంచి వినపడేది. కొన్నవాళ్ళు మాత్రం దాన్ని పూర్తిగా సొంత వస్తువుగానే చూసుకున్నారు. తర్వాతి మోడళ్ళలో ఆ బొత్తాం తీసేశారు. ఇవాళ భోజనాల దగ్గర నలుగురం నాలుగు లోకాల్లో ఉన్నప్పుడల్లా నాకు యోషికోగారే గుర్తొస్తున్నారు.

చెవి లోపలికి దూరే రకం సంగతి ఇంకా ఆశ్చర్యం. దాని పుట్టిల్లు పాటల లోకం కాదు, వినికిడి యంత్రాల లోకం. వినికిడి యంత్రాల భాగాలు చేసే నోల్స్ సంస్థలో ఏళ్ళ తరబడి పనిచేసిన మీడ్ కిలియన్ 1983లో ఎటిమోటిక్ అనే సంస్థ పెట్టాడు. 1991లో ఆ సంస్థ నుంచి ఈఆర్-4 అనే ఇయర్‌ఫోను వచ్చింది. ధర 300 డాలర్ల పైమాటే. మా అత్తయ్యగారి వినికిడి యంత్రంలో ఉండే బియ్యపుగింజంత స్పీకరూ, అందులోదీ ఒకే జాతి. బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ అంటారు. 1995లో వాన్ హేలెన్ అనే రాక్ బృందానికి శబ్దం చూసే జెర్రీ హార్వే, వాళ్ళ డ్రమ్మరు కోసం చెవి అచ్చు తీసి ఇలాంటివే తయారుచేశాడు. అతనూ, అప్పటి అతని భార్య మిండీ హార్వే కలిసి అల్టిమేట్ ఇయర్స్ అనే సంస్థ మొదలుపెట్టారు. అప్పటినుంచే వేదికలెక్కే గాయకుల చెవుల్లో ఇవి మామూలైపోయాయి.

మరి యాంప్లిఫయరు? 1990ల్లో జేబు సీడీ ప్లేయర్లకి బలం తక్కువ. పెద్ద హెడ్‌ఫోన్లు తగిలిస్తే పాట నీరసంగా వచ్చేది. చు మోయ్ అనే అతను 9 వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న యాంప్లిఫయరుకి డిజైను గీసి అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. జనం దాన్ని పిప్పరమెంటు బిళ్ళల రేకుడబ్బాల్లో అమర్చుకునేవారు. మనం పాత డబ్బాల్లో ఆవాలు, మెంతులు పోసుకోమూ, అలాగే. 2011లో పేరు చెప్పుకోని ఒక ఇంజనీరు ఓ2 అనే డిజైను ఇచ్చాడు. వందల డాలర్ల పెట్టెలకి దీటుగా తక్కువ ఖర్చుతో చేసుకోవచ్చని కొలతలు తీసి చూపించాడు. మరుసటి ఏడాదే ఏమీ చెప్పకుండా మాయమయ్యాడు. ఎవరో ఇప్పటికీ తెలియదు.

2016లో ఐఫోన్ 7 నుంచి ఆ పాత పిన్ను రంధ్రం తీసేశారు. మిగతా కంపెనీలు చాలావరకు అదే దారి పట్టాయి. దాంతో ఫోనుకి తగిలించే చిన్న తోక లాంటి అడాప్టరు వచ్చింది. దాన్ని డాంగిల్ అంటారు. మంచి డాంగిల్ లోపల అంకెల రూపంలో ఉన్న పాటని విద్యుత్తుగా మార్చే డాక్ అనే చిప్పు, దాంతోపాటు బుల్లి యాంప్లిఫయరు ఉంటాయి. అంటే మా పిల్ల అడిగిన రెండో పెట్టె ఆ తోకలోనే ఉందన్నమాట.

అది సరిపోతుందా అన్నది తేల్చడానికి అట్టపెట్టె మీద రెండు అంకెలు చూడాలి. మొదటిది ఓమ్‌లలో ఉండే ఇంపిడెన్స్. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 లాంటి పెద్ద హెడ్‌ఫోన్లకి అది 300 ఓమ్‌లు. వాటికి వోల్టేజి ఎక్కువ కావాలి, యాంప్లిఫయరు అక్కడ పనికొస్తుంది. చెవిలో దూర్చేవాటికి చాలావరకు 16 నుంచి 32 ఓమ్‌లే. రెండోది సెన్సిటివిటీ, అంటే కొద్దిపాటి కరెంటుకే ఎంత గట్టిగా పలుకుతుందన్న లెక్క. ఒక మిల్లీవాట్‌కి 100 డెసిబెల్స్ దాటితే మామూలు డాంగిలే ఎక్కువ. అలాంటిదానికి బలమైన యాంప్లిఫయరు తగిలిస్తే నిశ్శబ్దంలో కూడా సన్నగా బుస వినిపించవచ్చు. చారులో ఇంగువ లాంటిదే, ఎక్కువ వేసినంత మాత్రాన రుచి పెరగదు.

ధర విషయంలో ఈ తరం అదృష్టవంతులే. 2022లో చైనా సంస్థ మూన్‌డ్రాప్ చు అనే ఇయర్‌ఫోన్లని 20 డాలర్ల ప్రాంతంలో అమ్మింది. ఇందులో బియ్యపుగింజ స్పీకరు ఉండదు. మామూలు లౌడ్‌స్పీకరునే చిన్నది చేసిన డైనమిక్ డ్రైవరు ఒకటి ఉంటుంది. ఈ ధరలో అదే మేలు. చెవికి నాలుగు డ్రైవర్లు, ఆరు డ్రైవర్లు అని రాసి ఉంటే మోజుపడక్కర్లేదు. ఒక్కటి సరిగ్గా పలికితే చాలు.

అన్నిటికంటే ముఖ్యం రబ్బరు టిప్పులు. చెవికి అతకకపోతే ముందు తగ్గేది మృదంగం, తబలా లాంటి కింది స్థాయి నాదం. అది వినపడక పిల్లలు సౌండు పెంచుతారు. దానికితోడు బస్సు మోత. నా భయమంతా ఇక్కడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్ళు వారానికి 40 గంటలు వినాలంటే 80 డెసిబెల్స్ దాటకూడదు. మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా సమయం సగమవుతుంది. 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10 గంటలు. మా అమ్మాయి రోజుకి మూడు గంటలు, వారానికి ఆరు రోజులు, మొత్తం 18 గంటలు వింటుంది. 83 దగ్గర ఉంటే గట్టున పడ్డట్టే, 86కి వెళితే హద్దు దాటినట్టే. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి రోమకణాలు ఒకసారి పోతే మళ్ళీ మొలవవు. నాలుగుసార్లు పిలిస్తే గానీ పలకలేని అత్తయ్యగారిని రోజూ చూస్తున్నదాన్ని, ఆవిడకి ఎనభయ్యేళ్ళకి వచ్చిన ఇబ్బంది దీనికి నలభైకే రాకూడదు కదా.

అందుకని నా లెక్క ఇలా వేశాను. ఒకే డైనమిక్ డ్రైవరు ఉన్న, తీగతో ఉండే ఇయర్‌ఫోన్లకి పదిహేను, పదహారు వందలు. తీగ పాడైతే అదొక్కటే మార్చుకునే రకమైతే ఇంకా మేలు. డాక్ ఉందని స్పష్టంగా రాసిన టైప్-సి డాంగిల్‌కి ఆరేడు వందలు. డాక్ లేని ఉత్త అడాప్టర్లు కొన్ని ఫోన్లకి అసలు పనిచేయవు. మిగిలింది రెండు సైజుల టిప్పులకి. విడిగా యాంప్లిఫయరు వద్దు.

లెక్క చూపిస్తే మా అమ్మాయి కాసేపు వాదించి ఒప్పుకుంది. నావి రెండు షరతులు. ఫోను సెట్టింగుల్లో సౌండుకి హద్దు పెట్టుకోవాలి. బస్సు దిగే ముందే రెండు చెవుల్లోంచీ తీసేయాలి. ఇప్పటి వైరు ఇయర్‌ఫోన్లకి ఆ నారింజరంగు బొత్తాం లేదు, వెనక లారీ హారను కొట్టినా వినపడదు.

మీ పిల్లలు వింటున్నప్పుడు ఒకసారి వాళ్ళ ఫోను సౌండు ఎంతలో ఉందో చూడండి. కొన్ని ఫోన్లు డెసిబెల్స్ కూడా చూపిస్తాయి. వారానికి ఎన్ని గంటలు వింటున్నారో వేళ్ళమీద లెక్కపెట్టి, ఆ తర్వాతే కొత్తది కొనాలా వద్దా అన్నది తేల్చుకోండి.