కావడి మోసేదెవరు?

తల్లిదండ్రుల సేవ అనగానే మనవాళ్ళకి ముందుగా గుర్తొచ్చేది శ్రవణకుమారుడు. ఒక తట్టలో తల్లి, ఇంకో తట్టలో తండ్రి, భుజాన కావడి. వాల్మీకి రామాయణంలో మాత్రం ఆ ముని కుమారుడికి పేరూ లేదు, పెళ్ళాం ప్రస్తావనా లేదు. పెళ్ళే అయివుంటే ఆ కావడి ఎవరి భుజం మీద ఉండేదో అని నాకెప్పుడూ ఒక కొంటె అనుమానం!

"పూర్వం ఉమ్మడి కుటుంబాల్లో ముసలివాళ్ళకి ఏ లోటూ ఉండేది కాదమ్మా, ఈ కాలంలోనే పాడైపోయాం" అని పెళ్ళి పందిట్లో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. కావచ్చు. కాని ఒక్క లెక్క చూడండి. 1951 ప్రాంతాల్లో మనదేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ళు. పసిపిల్లల చావులు ఎక్కువ కావడంవల్ల ఆ అంకె అంత చిన్నదైందనుకోండి. అయినా, అరవై దాటినవాళ్ళు అప్పుడు దేశం మొత్తమ్మీద సుమారు 2 కోట్లమంది. 2011 జనాభా లెక్కలనాటికి వాళ్ళు 10 కోట్లు దాటారు. సగటు ఆయుర్దాయం ఇప్పుడు 70 దరిదాపుల్లో ఉంది. ఏళ్ళ తరబడి మంచాన ఉన్నవాళ్ళని సాకడం మన నాయనమ్మల కాలంలో ఎక్కడో ఒక ఇంటి కథ. ఇప్పుడది ప్రతి వీధిలోనూ ఉంది.

పోనీ, ఆ రోజుల్లో కొడుకులందరూ శ్రవణకుమారులేనా? అయితే చట్టాలెందుకొచ్చాయి?

1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడులో మనోవర్తి భార్యకీ పిల్లలకీ మాత్రమే. తల్లిదండ్రుల ఊసు లేదు. కొడుక్కి ధర్మశాస్త్రాలు చెప్పాయి గనక చాలనుకున్నారు కాబోలు. 1956లో వచ్చిన హిందూ దత్తత, మనోవర్తి చట్టం కొడుకుతోపాటు కూతురూ పోషించాలంది. 1974 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చిన కొత్త కోడు 125వ సెక్షనులో తల్లిదండ్రుల్ని చేర్చింది, ఏ మతంవాళ్ళయినా సరే. అయితే 2001 దాకా నెలకి 500 రూపాయలకి మించకూడదన్నారు! అందులో "అతని తండ్రి లేక తల్లి" అని ఉంది. "అతని" అన్నారు గనక కూతురికి వర్తించదని ఒక డాక్టరమ్మ తరఫున సుప్రీంకోర్టుదాకా వాదించారు. ఆ మాటలో ఆడవాళ్ళూ ఉన్నారనీ, పెళ్ళయిన కూతురైనా భర్త సొమ్ముతో నిమిత్తం లేకుండా తనకంటూ తగిన రాబడి ఉంటే పోషించాల్సిందేననీ 1987లో కోర్టు తేల్చింది. ఆ కోడు పోయి 2024 జూలైలో కొత్త సంహిత వచ్చినా, తల్లిదండ్రుల హక్కు 144వ సెక్షనులో పదిలంగానే ఉంది.

న్యాయమైన మాటే. మరి ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతో వచ్చే హక్కు? అది మన ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచి, అదీ అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకి. దేశమంతటికీ 2005లో. బాధ్యత ముందొచ్చి కూర్చుంది, హక్కు తీరిగ్గా నడిచొచ్చింది.

ఇంతకీ చట్టం అడిగేది డబ్బు. డబ్బు నీళ్ళు పోయదు, జడ వేయదు కదా!

మా ఇళ్ళ సంగతే చెప్తాను. మా అత్తగారికి 82 ఏళ్ళు. తుంటి ఎముక విరిగిన దగ్గర్నుంచి ఆవిడకి నీళ్ళు పోసేది నేను. మా అమ్మ అన్నయ్య దగ్గరుంటుంది, ఆవిడకి జావ కాచి తాగించేది మా వదిన. వదిన వాళ్ళమ్మని ఆవిడ మరదలు చూసుకుంటుంది. రాత్రి పనులయ్యాక వదినా నేనూ ఫోనులో మాట్లాడుకుంటాం.

"అత్తయ్య ఇవాళ రెండిడ్లీలు తిన్నారు. నువ్వు తినమన్నావని చెప్తే గాని తినలేదు!" అంటుంది వదిన.

"మీ అమ్మగారికి వీపుమీద పుళ్ళు తగ్గాయా?" అంటాను.

"ఏమో, రేపు మా మరదల్ని అడగాలి."

ఎవరి తల్లీ కూతురి చేతిలో లేదు. నా రాతల మీద వచ్చే డబ్బు నెలనెలా అమ్మకి పంపుతాను. చేతులు పంపలేను.

ఈ కష్టం గురించి నోరు విప్పితే ప్రేమ లేదంటారు. ప్రేమ వేరు, తెల్లవారుజామున మూడింటికి తడిసిన పక్కబట్టలు మార్చడం వేరు. రెండోదానికి నడుము కూడా కావాలి.

2007లో వయోవృద్ధుల కోసం ప్రత్యేక చట్టమే వచ్చింది. ట్రిబ్యునలుకి అర్జీ పెట్టుకుంటే నెలకి 10,000 రూపాయల వరకు ఇప్పించవచ్చు. చూసుకుంటామన్న షరతుమీద రాయించుకున్న ఆస్తిని, చూడకపోతే రద్దు చేయించవచ్చు. అందులో "పిల్లలు" అంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. కోడలు లేదు. 2019 డిసెంబరులో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లులో కోడల్నీ అల్లుణ్ణీ కూడా ఆ జాబితాలోకి తెచ్చారు. అది చట్టం కాకుండానే 2024లో ఆ లోక్‌సభతోపాటు కాలం చేసింది. ఈలోగా 2020లో మరో కేసు తేలింది. అత్తమామలు ఈ 2007 చట్టాన్నే పట్టుకుని కోడల్ని ఇల్లు ఖాళీ చేయించబోతే, కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకుందనీ, ఈ చట్టంతో దాన్ని తుడిచెయ్యడం కుదరదనీ సుప్రీంకోర్టు చెప్పింది.

అంటే అత్తమామల విషయంలో కోడలు చట్టానికి కనిపించింది ఇలా. ఒకసారి బరువెత్తమనడానికి, ఒకసారి గెంటబోతే ఆపడానికి. మధ్యలో ఇరవయ్యేళ్ళు ఆమె మోసిన బరువుకి మాత్రం ఎక్కడా పద్దు లేదు. ఆ పద్దు పేరు లోకంలో ఇప్పటికీ "కొడుకు చూసుకున్నాడు" అనే.

అత్తా ఒకింటి కోడలే అంటారు. నిజమే, మా అత్తగారూ తన అత్తగారికి చేసే వచ్చారు. అందుకని మా తర్వాత వచ్చే పిల్ల కూడా ఒంటరిగా మోయాలని రూలేం లేదు. కోర్టులు చూసేది కోర్టులు చూస్తాయి. మనింట్లో మనం చూడగలిగింది ఒకటుంది. పెద్దవాళ్ళకి పొద్దున వేసే మాత్ర ఏదో, రాత్రి వేసేదేదో ఇంట్లో ఎంతమందికి తెలుసో ఇవాళే అడిగి చూడండి. ఒక్కరికే తెలిస్తే, ఆ ఒక్కరికీ జ్వరమొచ్చేలోగా మిగతావాళ్ళకి నేర్పండి. ముందుగా ఆ తల్లి కన్న కొడుక్కి.