సీసాకెక్కిన కారం, సీసాకెక్కని కారం

మన కోలారు పక్క ఇండ్లల్లో సంగటి కెలికిన రోజు, ఎర్రకారం నూరమని ఎవరూ చెప్పే పని లేదు. మా గౌనిపల్లి ఇంట్లో అమ్మ ఎండు మిరపకాయలు వేడినీళ్ళలో నానేసి, తెల్లగడ్డలు, రాళ్ళ ఉప్పు, ఇంత చింతపండు పెట్టి రోట్లో నూరేది. రంగుకు బ్యాడిగి కాయ, ఘాటుకు గుంటూరు కాయ, రెండూ కలపాల. ఒట్టి గుంటూరు కాయ వేస్తే కండ్లల్లో నీళ్ళు, ఒట్టి బ్యాడిగి వేస్తే చూసేదానికే అందం. శనక్కాయలు వేయించి చేర్చి నూరితే అది ఊరిబిండి. మిరియాలు, జీలకర్ర చేర్చి ఉప్పుసారు పక్కన పెడితే ఉప్పుసారు కారం. ఎన్ని పేర్లున్నా "ఇంత కారం ఎయ్యి" అంటే సరిపోయేది.

పోయిన దసరా సెలవులకు బెంగళూరునుంచి వచ్చిన మా మనవడు బ్యాగులోంచి ఒక చిన్న సీసా తీసి సంగటి మీద చుక్కలు చుక్కలుగా పోసుకున్నాడు. టబాస్కో. "తాతా, ఇదీ కారమే కదా" అన్నాడు. వేలికి రాసుకొని నాకి చూసినా. ముందు పులుపు తగిలింది, వెనకాల మంట వచ్చింది. కారమే, కాదనను. బ్యాంకులో ముప్పై ఏండ్లకు పైగా పనిచేసినవాణ్ణి కదా, ఏ సీసా చేతికొచ్చినా ముందు కంపెనీ పేరు, ఊరి పేరు చదవడం అలవాటు. మెకిల్హెన్నీ కంపెనీ, ఏవరీ ఐలండ్, లూసియానా అని ఉండాది. ఆ రాత్రి దాని చరిత్ర వెతికి చదివినా. ఆ కారాన్ని మొదలుపెట్టినాయన కూడా బ్యాంకు మనిషే అని తెలిసినాక నిద్ర పట్టలేదు.

పేరు ఎడ్మండ్ మెకిల్హెన్నీ. 1815లో అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రంలో పుట్టినాడు. 1840 ప్రాంతంలో న్యూ ఆర్లీన్స్ పోయి బ్యాంకు వ్యాపారంలో బాగా సంపాయించినాడు. 1859లో మేరీ ఎలైజా ఏవరీని పెండ్లి చేసుకున్నాడు. ఆమె పుట్టిల్లు లూసియానాలో సముద్రం దగ్గర ఉండే ఒక దీవి. దీవి అంటే చుట్టూ సముద్రమేమీ కాదు, బురదనేలల నడుమ లేచిన ఒక గుట్ట. దాని కింద ఉప్పు. మన జిల్లా నేల కింద బంగారం ఉన్నట్ల, వాళ్ళ నేల కింద రాతి ఉప్పు. 1862లో అది బయటపడింది. అప్పటికే అక్కడ అంతర్యుద్ధం జరుగుతా ఉండాది. ఆ ఉప్పు కోసమే 1863లో ఉత్తరాది సైన్యం వచ్చి దీవిని పట్టుకుంది. కుటుంబమంతా టెక్సాస్‌కు పారిపోయినారు. యుద్ధం అయిపోయేసరికి ఎడ్మండ్ సంపాదన అంతా పోయింది. యాభై ఏండ్ల వయసులో అత్తగారింట్లో చేరి వాళ్ళ తోట చూసుకుంటా బతికినాడు.

ఆ తోటలోనే మిరప చెట్లు. మన కాయల మాదిరి కిందికి వేలాడవు, చిన్న చిన్న కాయలు పైకి చూస్తా కాస్తాయి. ఎర్రగా పండినవి కోసి, ఉప్పు చేర్చి నూరి ఊరబెట్టి, వినిగర్ కలిపి వడగట్టినాడు. 1868లో అమ్మకం కోసమని మొదటి పంట పెట్టినాడు. మరుసటి ఏడు 658 సీసాలు పోయినాయి, టోకు ధర సీసాకు ఒక డాలరు. ఆ కాలానికి అది చిన్న ధర కాదు. 1870లో పేటెంటు తెచ్చుకున్నాడు. మొదట ఆ దీవి పాత పేరు పెటీట్ ఆన్స్ అనే పెట్టాలనుకున్నాడంట, ఇంటివాళ్ళు మా ఇంటి పేరు అంగడికి ఎక్కిస్తావా అని ఒప్పుకోలేదంట. అందుకని మెక్సికోలో ఉండే ఒక ప్రాంతం పేరు టబాస్కో అని పెట్టినాడు.

ఈ పేర్ల సంగతి దగ్గర కాసేపు నిలబడాల. మిరపకాయ కూడా అమెరికా ఖండంనుంచే పోర్చుగీసువాళ్ళ ద్వారా మనకు వచ్చింది, పదహారో శతాబ్దంలో. అంతకు ముందు మన వంటల్లో ఘాటంటే మిరియాలే. కొత్త కాయ వచ్చినప్పుడు మనవాళ్ళు కొత్త పేరు వెతకలేదు. మిరియం మాదిరి మండే కాయ, మిరపకాయ. కన్నడంలో మెణసు అంటే మిరియం, మెణసినకాయి అంటే మిరపకాయ. తమిళంలో మిళగు, మిళగాయ్. మూడు భాషలూ ఒకే పని చేసినాయి. మూడూ వినిపించే మన పక్కలో పుట్టినవాళ్ళకు ఇది చెప్పకనే తెలుస్తాది. ఇంక కారం అనే మాట క్షారంనుంచి వచ్చిందంటారు, కన్నడంలో ఇప్పటికీ ఖార అని ఒత్తి పలుకుతారు. మా నాయన సంతలో కన్నడంవాళ్ళతో ఖార అని, ఇంటికొచ్చి కారం అని అనేవాడు. మధ్యలో ఎక్కడ మారేదో ఆయనకే తెలిసేది కాదు.

టబాస్కో చేసే విధానం చదివితే మన కోస్తావాళ్ళ కొరివికారం గుర్తుకొస్తాది. పండుమిరపకాయలు, ఉప్పు, చింతపండు చేర్చి దంచి జాడీలో పెట్టి, కావాల్సినప్పుడు తీసి తిరగమాత వేసుకుంటారు. మనకు చింతపండు పులుపు, వాళ్ళకు వినిగర్ పులుపు. తేడా ఎక్కడంటే ఊరబెట్టే కాలంలో. వాళ్ళు నూరిన మిరప ముద్దను విస్కీ పోసి ఖాళీ అయిన ఓక్ చెక్క పీపాల్లో నింపి, మూత మీద ఉప్పు కప్పి మూడేండ్ల దాకా పెడతారు. కాయ సరిగ్గా పండిందా లేదా చూసేదానికి కూలీల చేతిలో ఎర్ర రంగు పూసిన చిన్న పుల్ల ఉంటాది, పుల్ల రంగు కాయకు వస్తేనే కోయాల.

మూడేండ్లు! బ్యాంకువాడికి ఈ మాట వింటే గుండె జారుతాది. ఊరగాయ వ్యాపారానికి అప్పు అడిగితే ముడిసరుకుకు ఒకటి రెండు నెలలు, తయారైన సరుకుకు ఒక నెల అని లెక్క వేసేవాళ్ళం. మూడేండ్లు సరుకు పీపాలో నిద్రపోతే వడ్డీ ఎవడు కడతాడు? సొంత భూమి, సొంత ఉప్పు, తొందరపెట్టని సొంత డబ్బు ఉన్న కుటుంబానికే అది చెల్లుతాది. ఆ దీవి చెరుకు తోటల్లో యుద్ధానికి ముందు పనిచేసినోళ్ళు బానిసలు. ఆ కష్టం మీద నిలబడిన ఆస్తి అది. సీసా మీద ఉండేది మాత్రం ఒక్క ఇంటి పేరు.

ఎడ్మండ్ 1890లో పోయినాడు. చివరి రోజుల్లో తన జీవితం గురించి రాసుకున్న దాంట్లో ఈ కారం మాటే లేదు. తన పేరు నిలబెట్టేది బ్యాంకు పనే అనుకున్నాడేమో. కొడుకు ఎడ్వర్డ్ 1949లో చనిపోయే దాకా కంపెనీ నడిపినాడు, మధ్యలో కొంగలు గూడు కట్టుకునేదానికి దీవిలో ఒక చోటు కూడా చేసినాడు. ఆ తరువాత వాల్టర్, ఇంకా తరువాత పాల్. 2019నుంచి హెరాల్డ్ ఆస్బర్న్, ఆయనా ఆ వంశమే. వాటాలు ఇప్పటికీ ఆ ఇంటివాళ్ళ దగ్గరే ఉండాయి.

మనకు దగ్గర్లో ఇట్ల నిలిచిన ఇల్లు చూడాలంటే బెంగళూరు లాల్‌బాగ్ దగ్గర ఎమ్టీఆర్. మయ్యల కుటుంబం 1924లో హోటలుగా మొదలుపెట్టింది. 1975 ఎమర్జెన్సీలో సర్కారు తిండి ధరలు కట్టడి చేసినప్పుడు హోటలు గిట్టుబాటు కాక పొడులు, మిక్సుల వైపు తిరిగినారు. సాంబారు పొడి పొట్లం మన పల్లెల అంగళ్ళకు వచ్చింది అట్లనే. పొట్లాల వ్యాపారాన్ని 2007లో నార్వే దేశపు ఓర్క్లా కంపెనీ కొనుక్కుంది, హోటలు మాత్రం ఇంటివాళ్ళ దగ్గరే మిగిలింది. తెలుగువాళ్ళల్లో రామోజీరావు 1980లో ప్రియా పచ్చళ్ళు తెచ్చినారు, అది పెద్ద గ్రూపులో ఒక భాగం. మన ఎర్రకారం మాత్రం ఎవరి సీసాలోకీ ఎక్కలేదు. ఎందుకు ఎక్కలేదో నాకు కొంచెం తెలుసు. ఎందుకంటే ఒకసారి దాన్ని ఎక్కనియ్యనివాణ్ణి నేనే.

1990ల్లో మన జిల్లాలోనే ఒక బ్రాంచిలో ఉన్నా. ఒక సోమవారం ఒక ఆయమ్మ స్టీలు డబ్బా పట్టుకొని వచ్చి నా బల్ల మీద పెట్టింది. మూత తీస్తే బ్రాంచంతా తెల్లగడ్డల వాసన. క్యాషియరు తొంగి చూసినాడు.

"సారూ, మా కారం నెల పెట్టినా చెడదు సార్. ఉప్పు జాస్తి ఏస్తాను, నీళ్ళు తగలనియ్యను. సంతలో ఆకులో కట్టి ఇస్తా ఉండాను, గంటలో అయిపోతాది. సీసాలకు, ఒక గ్రైండరుకు దుడ్డు ఇప్పిస్తే సాలు."

ఫారంలో "తయారుచేయు వస్తువు" అని ఒక గడి. ఏం రాయాల అని అడిగినా. "ఎర్రకారం సార్. ఇంకేమంటారు?" అనింది. ఎర్రకారం అని రాస్తే పైనవాళ్ళు మిరప్పొడి అనుకుంటారు. చట్నీ అని రాస్తే ఒక్క రోజు సరుకు అనుకుంటారు. ఊరగాయ అందామంటే ఊరలేదు. చివరికి ఇంగ్లీషులో చిల్లీ పేస్ట్ అని రాసినా. ఊరగాయలు, సాసులు అమ్మాలంటే అప్పట్లో 1955 నాటి ఫ్రూట్ ప్రొడక్ట్స్ ఆర్డర్ కింద లైసెన్సు కావాల. ఆ కాగితం తెచ్చుకొని రామ్మా, చూద్దాం అన్నా. ఎక్కడ దొరుకుతాది సార్ అని అడిగింది. బెంగళూరులో విచారించమన్నా. ఆ ఆఫీసు అడ్రసు రాసి ఇచ్చేదానికి రెండు నిమిషాలు పట్టదు. రాసి ఇయ్యలేదు. క్యూలో జనం జాస్తి ఉండారు అని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకుంటా వచ్చినా.

ఆయమ్మ మళ్ళీ రాలేదు. డబ్బా మాత్రం వదిలేసి పోయింది. "మీరు తినండి సార్" అనింది పోయేటప్పుడు. ఇంట్లో పదిహేను దినాలు తిన్నాం, చెడలేదు. ఖాళీ డబ్బా చాన్నాళ్ళు నా బీరువాలో పెట్టుకున్నా, సంతలో కనపడితే ఇద్దామని. బదిలీ అయినప్పుడు అది ఎవరి ఇంటికి పోయిందో గుర్తు లేదు.

మనవడు పోతా పోతా టబాస్కో సీసా ఇక్కడే వదిలేసినాడు. పక్కనే మా ఇంటామె నూరిన ఎర్రకారం హార్లిక్స్ సీసాలో ఉండాది. దాని మీద చీటీ ఏమీ లేదు. ముళబాగిలు, చింతామణి, బంగారుపేట పక్క ఇండ్లల్లో దీన్ని ఏమని పిలుస్తారో, మిరియాలు వేస్తారో వేయరో, మీకు తెలిసింది రాయండి. మాలూరు పక్క ఒక పెద్దామె దీనికి వేరే పేరు చెప్పింది, అప్పుడు రాసిపెట్టుకోలేదు. ఎవరికన్నా తెలిసుంటే అది ముందు చెప్పండి.