కాలాంతర ప్రణయకథలు

అభిలాషము, విరహము, ఈర్ష్య, ప్రవాసము, శాపము నను నైదును విప్రలంభ శృంగారమునకు హేతువులని మమ్మటుఁడు కావ్యప్రకాశమునఁ బరిగణించెను. కౌమారము గడచి యౌవనమునఁ బ్రవేశించుచున్న చదువరులకై పాశ్చాత్యులు రచించిన కొన్ని కథలలో నాఱవ హేతు వొకటి కానవచ్చుచున్నది. అది కాలము. నాయిక యొక శతాబ్దమునను, నాయకుఁడు వేఱొక శతాబ్దమునను జన్మింతురు. ఇట్టివి బాలవినోదములని త్రోసివేయువారు గలరు. గతించినవారిని మన మెట్లు తలంపవలయు నను ప్రశ్న వీనియందు నిహితమై యున్నది గావున నొకింత విచారించుట యుచితము.

కాలభేదము గల వివాహకథ మనకుఁ గ్రొత్త గాదు. కుశస్థలీపురాధీశుఁడగు కకుద్మి తన కూఁతురైన రేవతికిఁ దగిన వరు నడుగఁగోరి, యామెను వెంటఁగొని బ్రహ్మలోకమున కేఁగెను. అచటి గానము ముగియుదాఁక నిలిచినంతలో భూలోకమున 27 మహాయుగములు గడచె నని భాగవత నవమస్కంధము చెప్పుచున్నది. అతఁడు మనసునఁ దలంచిన వరులును, వారి పుత్త్రపౌత్త్రులును గతించిరి. బ్రహ్మ యాజ్ఞచే రేవతి బలరామునకుఁ బత్ని యయ్యెను. ఆమె మిక్కిలి పొడవరి యగుటచే బలరాముఁడు నాఁగటితోఁ గ్రుంగఁజేసె నని విష్ణుపురాణము. ఇచట ప్రయాణము ముందునకే; మరలి పోవుట లేదు. చేరిన కాలమే రేవతికి వర్తమాన మయ్యెను గావున వివాహము సిద్ధించెను.

ఆంగ్లమున హెచ్. జి. వెల్సు 1895లో యంత్రముచేఁ గాలమును దాఁటించెను. ఈ. నెస్బిట్ 1906లో నొక రక్షరేకు మహిమచేఁ బిల్లలను బ్రాచీన దేశములకుఁ గొనిపోయెను. ఈ త్రోవను ప్రణయమును గరుణముతో మేళవించిన గ్రంథము, ఆలిసన్ అట్లీ 1939లో వెలువరించిన ‘ఎ ట్రావెలర్ ఇన్ టైమ్’. ఈమె 1884లో డార్బీషైరు నందలి క్రామ్‌ఫర్డు చెంతఁ బుట్టి, మాంచెస్టరు విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము నభ్యసించినది. అయినను నీమె కథలో యంత్రము లేదు. లండనునుండి వచ్చిన పెనెలొపి యను బాలిక, బంధువుల దగు థాకర్సు అను పాత పల్లెయింట నొక తలుపు తెఱచి, పదునాఱవ శతాబ్దమునఁ గాలిడును. అప్పు డా యిల్లు ఆంథొనీ బాబింగ్టనుది. చెఱలో నున్న స్కాట్లండు రాణి మేరీని విడిపింప నతఁడు యత్నించుచుండును. అతని తమ్ముఁడు ఫ్రాన్సిసునకును బెనెలొపికిని అనురాగ మంకురించును.

బాబింగ్టను 1586 సెప్టెంబరులోను, మేరీ 1587 ఫిబ్రవరిలోను వధింపఁబడిరి. రాణి కథ యెట్లు ముగిసెనో పెనెలొపి యెఱుఁగును, ఎఱిఁగియు మాన్పఁజాలదు. పాణినీయమున ననద్యతనమై, వక్తకుఁ బరోక్షమైన భూతమునకు లిట్టు విహితము. చరిత్రగ్రంథము లెల్ల నీ లిట్టునకుఁ జెందినవి. వాని కర్తలు తాము చూడని దానిని జెప్పుదురు. పెనెలొపికో, లిట్టు లట్టయినది. ‘గతించె’ నని చదువఁదగిన వాఁడు తనయెదుట నవ్వుచున్నాఁడు. సంస్కృతమున ‘స్మ’ యను నవ్యయము చేరినచో లట్టు పరోక్షభూతము నందును వచ్చును. ఆ చిన్న యవ్యయము చేయు పనినే అట్లీ కథలోఁ దలుపు చేయుచున్నది. కాని రేవతికివలెఁ బెనెలొపి కా కాలము వర్తమానమై నిలువదు. ఆమె తన శతాబ్దమునకు మరలవలసినదే. కావున నచట వివాహము లేదు, వీడుకోలే కలదు.

జర్మను రచయిత్రి కెర్స్టిన్ గీర్ 2009లోఁ బ్రకటించిన ‘రూబిన్‌రోట్’, 2010లో దానిని వెంబడించిన రెండు సంపుటములు నీ తెగలోనివే. గ్వెండొలిన్, గిడియన్ అను నాయికానాయకు లిరువురును ఒక్క కాలమువారే. ఇరువురును వంశక్రమమునఁ గాలయాత్రాశక్తి గలవారే. కావున వారి ప్రణయమునకుఁ గాలము విఘ్నము గాక విహారభూమి యయినది. పరస్పరసందేహమును, పెద్దల కుతంత్రమును విఘ్నము లైనవి. కథ మమ్మటుని పాత హేతువుల కడకే మరలినది. కౌతుకము హెచ్చినది, కరుణము తగ్గినది.

ఈ మూఁటిని జేర్చి చూడఁగా, వర్తమాన మొక్కటియైన చోట ప్రణయము ఫలించుననియు, వర్తమానములు రెండైన చోట నది స్మృతిగా మాత్రము మిగులుననియు నేర్పడుచున్నది. ఆ స్మృతియే చరిత్రబోధకుఁ బనికివచ్చును. మన విద్యార్థులు గతించినవారిని సంవత్సరములుగా నెఱుఁగుదురు. ఆ సంవత్సరములు వారికిఁ దెలియవని యెఱుఁగరు. 1586 బాబింగ్టనునకుఁ దుది యేఁడని బాలుఁడు వల్లించును. ఆ యేఁటి వసంతమున బాబింగ్టను దాని నెఱుఁగఁడు. లిట్టును నేర్పుచు, దాని వెనుక నొకనాఁటి లట్టు గలదని తలపింపఁగోరు నుపాధ్యాయుఁడు అట్లీ గ్రంథమును దన బడి పుస్తకశాలలో నుంచుకొనుట మేలు.