తాత చంకలో ప్లేటు

పురసవాక్కం ఇంట్లో హాలు గూట్లో ఒక నల్లటి పెట్టె ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు టైప్‌రైటర్ అనుకుంటారు. అది హెచ్‌ఎమ్‌వీ 102 గ్రామఫోను. 1931 నుంచి 1950ల చివరిదాకా ఈ మోడలు తయారయింది. బూర బయటికి కనపడదు, పెట్టె లోపలే ఉంటుంది. తాత దీన్ని మూర్ మార్కెట్టులో సెకండ్‌హ్యాండుగా కొన్నాడు. ఎట్లా పరీక్ష చేసి కొన్నాడో నాయన నాకు చాలాసార్లు చెప్పాడు. నేను సగమే విన్నాను. ఆ సగానికి ఎంత మూల్యం కట్టానో కూడా చెప్తాను.

మూర్ మార్కెట్టు 1900లో సెంట్రల్ స్టేషను పక్కన తెరిచారు. మనింటి నుంచి నడిచి పోయే దూరమే. పాత పుస్తకాలు, పాత ప్లేట్లు, పాత యంత్రాలు అన్నీ అక్కడే. 1985 మే 30న కాలిపోయింది. ఇప్పుడు అక్కడ లోకల్ రైళ్ల స్టేషను ఉంది. ఆ రోజుల్లో తెలుగు పాట మదరాసులోనే పుట్టేది. స్టూడియోలు ఇక్కడే. మౌంట్ రోడ్డులో మెయ్యప్పన్ గారి సరస్వతి స్టోర్స్ ఓడియన్ ప్లేట్లు అమ్మేది. 1938 జూన్ 16న మొదలైన మదరాసు రేడియోలో తెలుగూ వినిపించేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చి మదరాసు ఇవతలే ఉండిపోయినా, మన ఇళ్లల్లో తెలుగు ఆ ప్లేట్లలో తిరుగుతూనే ఉండింది. అందుకే తాతకు గ్రామఫోను షోకు కాదు, అవసరం.

ఆయన అంగడికి పోయేటప్పుడు చంకలో ఒక ప్లేటు పెట్టుకుని పోయేవాడట. అంగడివాడు తనకు అనుకూలమైన ప్లేటే వేస్తాడు కదా! పెట్టె మెరుపు చూసేవాడు కాదు. ముందు కీ పూర్తిగా ఇచ్చి చెవి పెట్టేవాడు. లోపల దబ్ దబ్‌మని కొడితే స్ప్రింగుకు పూసిన గ్రీజు ఎండిపోయిందని అర్థం. తర్వాత ప్లేటు అంచున చిన్న కాగితం ముక్క పెట్టి, గడియారం చూస్తూ చుట్లు లెక్కపెట్టేవాడు. నిమిషానికి 78 రావాల. ఆ పైన పాట మొదటి నుంచి చివరిదాకా, సుమారు మూడు నిమిషాలు, వినాల్సిందే. చివర్లో గొంతు బొంగురుపోతే స్ప్రింగులో బలం లేదు. హెచ్చు స్థాయిలో గరగరలాడితే సౌండుబాక్సులో రబ్బరు గట్టిపడింది. మధ్యలో ఆపి బేరానికి దిగితే మోసపోతావు అనేవాడట.

వాల్వు రేడియో సంగతి వేరే. అది నాయన రిచ్చీ వీధిలో మెకానిక్కుల దగ్గర నేర్చుకున్నాడు. ఏళ్లకేళ్లు మూలపడిన రేడియోను నేరుగా కరెంటుకు తగిలించకూడదు. సీరీస్ బల్బు పెట్టి ఇవ్వాల. బల్బు నిండుగా వెలిగి అట్లాగే ఉండిపోతే లోపల షార్టు ఉంది. గుయ్‌మని మోత వస్తే కెపాసిటర్లు పోయినట్టు. వెనక అట్ట విప్పి స్పీకరు కాగితాన్ని ఎలుకలు కొట్టాయేమో చూడాల.

ఇంత తెలిసినవాళ్ల కొడుకును నేను చేసిన పని ఇది. పెద్ద ఇత్తడి బూర, కుక్క బొమ్మ ఉన్న గ్రామఫోను ఒకటి కనపడితే, హాల్లో బాగుంటుందని కొనేశాను. ప్లేటు తీసుకుపోలేదు. 'ఒక్క ముల్లుతో పది పాటలు వినొచ్చు సార్' అన్నాడు అమ్మినవాడు. ఇంటికి తెచ్చి అవ్వ పెళ్లినాటి ప్లేటు వేశాను. మూడోసారికి గీతల్లోంచి బూడిదరంగు పొడి లేచింది.

తర్వాత తెలిసింది. 78 ప్లేటు లక్కతో, రాతిపొడితో చేసింది. ఆ పొడి ఉక్కు ముల్లును అరగదీస్తుంది. అరిగిన ముల్లు ఉలిలాగా గీతను చెక్కేస్తుంది. అందుకే ప్రతి వైపుకీ కొత్త ముల్లు మార్చాల. నా యంత్రం పాతది కూడా కాదు, పాతదానిలాగా ఈమధ్య చేసింది. పలచని బూర, కొత్త మరలు, బరువైన చెయ్యి, బిగుసుకుపోయిన సౌండుబాక్సు. గరగర చివరిదాకా వినివుంటే అక్కడే వదిలేసేవాణ్ణి.

నాయనకు చెప్తే తిట్టలేదు. "తాత తీసుకుపోయింది అవ్వ ప్లేటు కాదురా, గీతలు పడిన పాత ప్లేటు" అన్నాడు. నేను వినని సగం అదే. కంఠతా వచ్చిన పాట అయివుండాల, కానీ పోయినా బాధ లేని ప్లేటు అయివుండాల.

బెంగళూరులో ఉన్నా, అమెరికాలో ఉన్నా, మన పిల్లల్లో ఎవరైనా పాత యంత్రం కొనాలనుకుంటే ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. యంత్రం పోతే ఇంకోటి దొరుకుతుంది. అవ్వ ప్లేటు ఇంకోటి దొరకలేదు. మిగిలిన పాటను 78కి తగిన ముల్లు పెట్టి రికార్డు చేయించాను. మొదటి అర నిమిషం వట్టి గరగరే. దాన్ని కత్తిరించలేదు. అట్లాగే ఉంచాను.